సోఫాకు అటొక టీపాయి, ఇటొక టీపాయి

పెళ్లయిన కొత్తలో నా ఈడు ఆడవాళ్లు గాజులకో చీరలకో భర్తలను సతాయించేవాళ్లు. నేను సోఫాకు రెండు పక్కలా రెండు చిన్న బల్లలు కావాలని సతాయించాను. ఆ బల్లల పిచ్చి ఎంత ముదిరిందంటే, ఎవరింటికి పోయినా మనుషులను పలకరించే ముందు వాళ్ల కుర్చీల పక్కకు చూసేదాన్ని. బల్ల లేకపోతే ఆ ఇంటివాళ్ల మీద జాలిపడేదాన్ని. మా ఇంట్లోనూ లేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చేది కాదు.

ఆ పిచ్చి నాకు పట్టుకున్నది హనుమకొండలో, మిషన్ దవాఖాన డాక్టరమ్మ బంగళాలో. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ఆడపిల్లల బడిలో కొత్తగా టీచరునయ్యాను. క్రైస్తవుల ఇంట్లో పుట్టాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, కాబట్టి దొరల మర్యాదలన్నీ నాకు తెలుసని గట్టి నమ్మకం. ఒకరోజు సాయంత్రం డాక్టరమ్మ మా టీచర్లందరినీ టీకి పిలిచింది. ఆమె ఓడెక్కి వచ్చిన దొరసాని. తెలుగును బైబిలులోనూ, ఒక ముసలి పంతులు దగ్గరా నేర్చుకున్నది. అందుకని ఆమె నోరు తెరిస్తే అచ్చు పుస్తకం మాట్లాడినట్టే ఉండేది.

నా ఒక చేతికి కప్పూ సాసరూ అందించారు. రెండో చేతికి కేకు ముక్క ఉన్న పళ్లెం ఇచ్చారు. రెండు చేతులూ నిండిపోయాక తాగడం ఎట్లా, తినడం ఎట్లా? కాసేపు బొమ్మలా కూర్చున్నాను. తర్వాత ఎవరూ చూడకుండా కప్పును మెల్లగా నేల మీద పెట్టి కేకు తినడం మొదలుపెట్టాను. కేకు బాగుంది. అది తినే ధ్యాసలో నేనుండగా డాక్టరమ్మ కుక్క వచ్చి నా టీ తాగేసింది.

"ఏమమ్మా, నీ ప్రక్కననే బల్ల యున్నది గదా, కప్పును దానిమీద ఉంచరాదా?" అన్నది డాక్టరమ్మ.

చూస్తే నిజమే. నా మోచేతి పక్కనే చిన్న బల్ల. దాని మీద నేనే నా గొడుగూ, చేతిసంచీ, కొత్త రుమాలూ పరిచి దాన్ని కనిపించకుండా చేశాను. మిగతా టీచర్లు ముఖాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ నిశ్చయించుకున్నాను. నాకంటూ ఒక ఇల్లు ఏర్పడితే సోఫాకు అటొకటి, ఇటొకటి బల్లలు ఉండి తీరాలి.

తర్వాత పెళ్లయింది. మా ఆయన వరంగల్ స్టేషనులో సరుకుల ఆఫీసు గుమాస్తా. మట్టెవాడలో ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నాం. మాతోపాటు మా అత్తగారు ఉండేది. ఆమెది నెక్కొండ పక్కన పల్లె. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఇంటి ముందు గదిని నేను డ్రాయింగు రూం అనేదాన్ని, మా ఆయన దివాన్‌ఖానా అనేవాడు, అత్తగారు ముంగటర్ర అనేది. ఎవరేమన్నా అందులో ఉన్నది మా నాన్న ఇచ్చిన ఒక పేము సోఫా, గోడకు ఒక యేసుప్రభువు పటం. నేను చీటీ కట్టి తెప్పించుకున్న కొత్తవాడ జంపఖానా ఒకటి నేల మీద పరిచి ఉండేది.

బల్లల మాట మొదటిసారి ఎత్తినప్పుడు అత్తగారు చింతపండు పిసుకుతున్నది.

"సోఫా మీద మనుషులు కూసుంటరు. మరి ఆ బల్లల మీద ఎవలు కూసుంటరే?" అని అడిగింది.

"ఎవ్వలు కూసోరత్తమ్మా. టీ కప్పులు పెట్టుకుంటం."

"కప్పులకు గూడ కుర్చీలా! నీ సదువు పాడుగాను, నేలంత ఇంత ఖాళీగుంటే."

నేలంటే నాకు డాక్టరమ్మ కుక్క గుర్తుకొచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మా ఆయన బల్లలకు అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పి ఉంటే బాగుండేది. ఆయనకు కూడా ఆ పిచ్చే అంటుకుంది, కాకపోతే ఇంకో దిక్కు నుంచి. సికింద్రాబాదులో రైల్వే పెద్దసార్ల క్లబ్బులోకి ఒకసారి కాగితాలు పట్టుకుని పోయాడట. అక్కడ గుండ్రటి నల్లటి టీపాయిలు చూశాడు. నున్నగా, చెక్కుడు పని ఏమీ లేకుండా, సన్నటి కాళ్లతో. అప్పటినుంచి ఆయన దృష్టిలో చెక్కుడు పని ఉన్న సామానంతా ముసలివాళ్లది.

"ఇప్పుడంత మోడరన్ నడుస్తాంది. పూలు, తీగెలు, నెమలి బొమ్మలు... గా పాత సామాన్ల దుమ్ము ఎవలు తుడవాలె?" అనేవాడు.

"మీరైతే తుడవరు గద! ఎట్లుంటే మీకేంది?" అనేదాన్ని నేను. "పాత సామాన్లకు ఒక హుందాతనం ఉంటది. చూసినోళ్లు మనది పెద్ద ఖాందాన్ అనుకోవాలె."

మాది పెద్ద ఖాందాన్ కాదని చూసినవాళ్లందరికీ తెలుసు. మా నాన్న బడిపంతులు, మా తాత తొర్రూరు అంగట్లో పత్తి మోసిన మనిషి. అయినా పాత బల్ల ఒకటి ఉంటే ఆ పత్తి మూటలు కనబడకుండా పోతాయని నా లెక్క.

వాదన తెగకపోయేసరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయనకు నచ్చిన కొత్త తరహా టీపాయి ఒకటి ఆయన తేవాలి. నాకు నచ్చిన పాతది ఒకటి నేను తేవాలి. క్రిస్మసుకు వచ్చిన చుట్టాలూ స్నేహితులూ ఏది బాగుందంటే అది ఉంటుంది, దానికే జత తెచ్చుకుంటాం. ఓడినది వంటింట్లోకి పోతుంది.

ఆ రోజులు యుద్ధం రోజులు. మంచి కలప దొరికేది కాదు. మా ఆయన గిర్మాజీపేటలో ఒక వడ్రంగిని పట్టుకుని, స్టేషనులో పాడైపోయిన పెట్టెల చెక్కలు కొనిచ్చి, కాగితం మీద తానే బొమ్మ గీసిచ్చాడు. గుండ్రటి పలక, కింద మూడు కాళ్లు, మూడూ మధ్యలో ఒక్కచోట కలిసి కిందికి విచ్చుకోవాలి. వడ్రంగి ఆ బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేసిచ్చాడు. నల్లటి పాలిషు పట్టించాక అది నిజంగానే బాగుంది. ఆ మాట నేను పైకి అనలేదు. పలక అంచు మీద చెయ్యి ఆనిస్తే మాత్రం బల్ల కొద్దిగా ఆ వైపుకు ఒరిగేది.

"చెయ్యి పెట్టేటందుకు గాదు అది. కప్పు పెట్టేటందుకు. నడుమ పెట్టాలె," అన్నాడు మా ఆయన.

ఇక నా వంతు. నా అదృష్టం కొద్దీ ఆ నెలలోనే హనుమకొండ చౌరస్తాలో ఒక దొర సామాను హర్రాజు వేస్తున్నారని తెలిసింది. ఆ దొర ఎక్కడో ఇంజనీరుగా పనిచేసి సొంత దేశానికి వెళ్లిపోతున్నాడు. బడి వదలగానే గొడుగు పట్టుకుని ఒక్కదాన్నే పోయాను. మా ఆయనకు డ్యూటీ. డ్యూటీ లేకపోయినా రమ్మనేదాన్ని కాదు.

ఒక దుకాణం ముందు చెట్టు కింద సామాను పరిచారు. మంచాలు, అద్దాలు, తుపాకీ తగిలించే కొయ్యలు, చీనా గిన్నెలు. వాటి మధ్యలో కనబడింది అది. గట్టి శీశం కర్రతో చేసిన చదరపు బల్ల. పెట్టెలాంటి ఒళ్లు, నాలుగు మూలలా ద్రాక్ష తీగలు చెక్కిన పొట్టి కాళ్లు, రెండు పక్కలా ఇత్తడి పిడులు. ఎత్తు సరిగ్గా మా సోఫా చేతి ఎత్తు. నేను దేవుని సన్నిధిలో నిలబడ్డట్టు నిలబడ్డాను.

హర్రాజు పాట పాడేవాణ్ని అడిగాను. "ఏం సామాను ఇది?"

"బహుత్ పురానా మాల్ అమ్మా. దొరగారి ఖాస్ కమ్రాల ఉండేది," అన్నాడతను.

ఖాస్ కమ్రా అంటే ప్రత్యేకమైన గది అని అర్థం చేసుకున్నాను. లాటుసాహెబులు వస్తే కూర్చోబెట్టే గది అయి ఉంటుంది అనుకున్నాను. పాట మొదలైంది. నేను పాడాను. ఇంకెవరూ నోరు తెరవలేదు. అద్దాల కోసం కొట్టుకున్న జనం, మంచాల కోసం తోసుకున్న జనం, ఇంత మంచి బల్ల దగ్గరికి వచ్చేసరికి గమ్మున నిలబడ్డారు. ఈ ఊళ్లో సామాను విలువ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కదా అని నాకు గర్వమూ వేసింది, ఊరి మీద జాలీ వేసింది. కాజీపేట రైల్వే గార్డు భార్య, గౌను వేసుకున్న ఆంగ్లో ఇండియనామె, నన్ను చూసి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. కుళ్లుకుంటున్నదనుకుని తల ఇంకొంచెం ఎత్తి టాంగా పిలిచాను.

ఇంటికి తెచ్చి తుడుస్తుంటే పై పలక కదిలింది. ఎత్తి చూస్తే అది మూత. కింద ఇంకో పలక, ఆ పలక మధ్యలో నున్నగా కోసిన గుండ్రటి పెద్ద కంత. దాని కింద ఖాళీ.

మా ఆయన కంతలోకి తలపెట్టి చూశాడు. "గిదేంది? నడుమ పెద్ద తూటున్నది."

నాకూ తెలియదు. కానీ తెలియదని ఒప్పుకునే టీచరును నేను కాదు. "కూజా పెట్టుకునేటందుకు. దొరలు నీళ్లు గిట్లనే చల్లగ పెట్టుకుంటరు," అన్నాను.

"కూజాకు మూతున్న పెట్టె ఎందుకే?"

"దుమ్ము పడకుంట."

అత్తగారు వచ్చి చుట్టూ తిరిగి చూసింది. ఆ ద్రాక్ష తీగలు ఆమెకు నచ్చాయి. వేలితో తడుముతూ, "ముద్దుగనే ఉన్నదిగని, కూజా పెడితే మూత పడుతదా?" అన్నది.

పెట్టి చూశాం, పడలేదు. కూజా మెడ పైకి వచ్చింది. అప్పుడు నాకు ఇంకో మెరుపు మెరిసింది. మా ఇంట్లో తెల్ల పింగాణి బేసిను ఒకటి ఉండేది, బజారులో కొన్నది. దాన్ని ఆ కంతలో పెడితే అంచు పలకకు ఆనుకుని సరిగ్గా, కొలత తీసి చేసినట్టు కూర్చుంది. మూత చక్కగా పడింది.

"చూసిండ్రా? రొట్టెలు, బిస్కెట్లు పెట్టుకునేదన్న మాట," అన్నాను. అంత బాగా కుదిరాక ఇంకెవరు కాదంటారు?

క్రిస్మసు వచ్చింది. అత్తగారు బియ్యప్పిండితో సకినాలు చుట్టింది, తీపి గరిజెలు చేసింది. ఆమె సకినాలంటే మా చర్చి సంఘంలో పేరు. వాటిని ఆ తెల్ల బేసినులో నింపి పెట్టాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు సోఫాలో నా బల్ల వైపు కూర్చోబెట్టేదాన్ని. మా ఆయన తన టీపాయి వైపు లాగేవాడు. నేను టీ తెచ్చి, "ఇంగ్లీషోళ్ల దగ్గర ఇదొక పద్ధతి. తినేటివి ఎప్పుడు గిట్ల మూతేసి పెడ్తరు," అని చెప్పి, ఇత్తడి పిడి పక్కన రెండు వేళ్లతో మూత మెల్లగా పైకెత్తేదాన్ని. లోపల తెల్ల బేసినులో సకినాలు కనబడగానే చూసినవాళ్లు ఆహా అనేవారు. ఎవరైనా ఆహా అన్నప్పుడల్లా నేను మా ఆయన ముఖం చూసేదాన్ని. పండుగ వారమంతా అట్లా ఎన్ని కుటుంబాలకు తినిపించానో.

ఆయన టీపాయి కూడా తన వంతు పని చేసింది. మా ఆయన స్నేహితుడొకాయన దాని మీద టోపీ పెట్టి మోచెయ్యి ఆనించాడు. టోపీ ఎగిరి యేసుప్రభువు పటానికి తగిలింది. దాంతో గెలుపు నాదే అనుకున్నాను. దీనికి జత ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచన మొదలుపెట్టాను.

కొత్త సంవత్సరం వచ్చాక ఒకరోజు డాక్టరమ్మను టీకి పిలిచాను. ఆమెతో పాటు మా సంఘం పాస్టరు అయ్యగారూ, ఆయన భార్యా వచ్చారు. ఆ రోజుల్లో నేను ఎదురుచూసిన పరీక్ష అది. మిగతావాళ్లు ఆహా అన్నది వేరు, అసలు దొరసాని వచ్చి ఆహా అనడం వేరు. తన బంగళాలో నేల మీద కప్పు పెట్టినది ఈ మనిషేనా అని ఆమె ఆశ్చర్యపోవాలి.

డాక్టరమ్మను నా బల్ల పక్కన కూర్చోబెట్టాను. అయ్యగారు మా ఆయన టీపాయి పక్కన కూర్చున్నారు. అయ్యగారి భార్య కుర్చీ వేయించుకుని నాకు దగ్గరగా కూర్చుంది. అత్తగారు గడప దగ్గర పీట మీద ఉంది. డాక్టరమ్మ బల్లను చూసింది. చూసి, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసింది. ఆమె కళ్లు పెద్దవి కావడం చూసి నేను పొంగిపోయాను.

"ఈ వస్తువును నీవు ఎచ్చట సంపాదించితివి?"

"హర్రాజులో అమ్మగారూ. చాలా పాతది," అని, ఆగలేక మూత ఎత్తాను. "తీసుకోండి. మా అత్తగారు చేసిన సకినాలు."

డాక్టరమ్మ సకినాల వైపు చూసింది. నా వైపు చూసింది. ఆమె ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఈలోగా అయ్యగారి భార్య చేయి చాపి ఒకటి తీసుకుని కొరికింది.

"ఈ పాత్ర..." డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "ఈ పాత్ర దీనితో కూడ వచ్చినదా?"

"లేదమ్మగారూ. మాదే. బజారులో కొత్తది కొన్నాం."

"దేవునికి స్తోత్రము!" అన్నది డాక్టరమ్మ, నిజంగా ప్రార్థన చేసినట్టు చేతులు జోడించి. ఆ తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఆమె నవ్వుతున్నదని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పింది. "అమ్మా, నన్ను క్షమింపుము. ఇది భోజన పదార్థముల నుంచు బల్ల కాదు. నడువజాలని రోగి తన అవసరమును తీర్చుకొనుటకై కూర్చుండు ఆసనము. మా దవాఖానలో ఇట్టిది ఒకటే కలదు. దానికింత అందమైన కాళ్లు లేవు."

అయ్యగారి భార్య దవడలు ఆగిపోయాయి.

"ఏమంటాందే దొరసాని? నాకొక్క ముక్క సమజ్ గాలే," అన్నది గడప దగ్గర నుంచి అత్తగారు.

నేను ఎత్తిన మూత పట్టుకునే ఉన్నాను. మా ఆయన పైకప్పు చూస్తున్నాడు. అయ్యగారే మెడ వెనక గోక్కుంటూ చెప్పారు. "అదేందంటేనమ్మా... పాయఖాన పెట్టె అంటాంది."

అత్తగారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓ దేవుడా! పండుగ సంది మనం పాయఖానల కెల్లి సకినాలు తింటానమా! ఊరందరికి పెడితిమి గదనే!"

అయ్యగారు అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఒక్కసారి బయటపడింది. మా ఆయనకు ఓటమి తప్పిందన్న సంతోషం దాచుకోవడం రాలేదు. తన టీపాయిని అయ్యగారి వైపు జరిపి, "మీ కప్పు ఇటు పెట్టుండ్రి అయ్యగారూ. దీంట్ల గసొంటి రహస్యాలేం లెవ్వు," అన్నాడు. అయ్యగారు కప్పు పెట్టారు. నవ్వు ఆగక మోచెయ్యి కూడా పెట్టారు. నల్లటి టీపాయి ఒక్క ఊపున పల్టీ కొట్టింది. కప్పూ, టీ కెటిలూ, పాలచెంబూ అన్నీ కలిసి అయ్యగారి తెల్ల బట్టల మీద పడ్డాయి.

డాక్టరమ్మే లేచి ఆయన కాళ్లు ఏమైనా కాలాయా అని చూసింది. టీ చల్లారింది కాబట్టి ఏమీ కాలేదు. మా ఆయన పంచె కట్టుకుని అయ్యగారు ఇంటికి పోయారు. పోయే ముందు డాక్టరమ్మ బేసినులోంచి ఒక సకినం తీసుకుని, నా కళ్లలోకి చూస్తూ మొత్తం తిన్నది. "మిక్కిలి రుచిగా నున్నది," అని అత్తగారికి చెప్పింది. ఆమె అట్లా తిన్నందుకే నేను తర్వాత మళ్లీ ఆమె ముఖం చూడగలిగాను.

అయితే సంఘంలో మిగతావాళ్లు అంత దయ చూపలేదు. ఆదివారం ఆరాధన అయిపోయి బయటికి రాగానే ఎవరో ఒకరు, "టీచరమ్మా, సకినాలు ఇంకేమన్న ఉన్నయా?" అనేవారు. అడిగినవాళ్లలో సగంమంది వాటిని లొట్టలేసుకుంటూ తిన్నవాళ్లే. హర్రాజు దగ్గర నవ్విన గార్డు భార్య కుళ్లుకోలేదన్న సంగతి ఇంటికి వచ్చి ఏడ్చేటప్పుడు తట్టింది. మా ఆయన నన్ను ఓదార్చడానికి, "నాదిగూడ పడిపోయింది గదా," అన్నాడు. అది ఓదార్పా, లెక్క సమం చేయడమా తెలియలేదు. నా బల్లను సబ్బుతో, సోడాతో, వేడినీళ్లతో తోమి, గోనెసంచులు కప్పి సామాన్ల గదిలో పడేశాను. ఆయన తన టీపాయిని దాని మీదే తలకిందులుగా పెట్టాడు.

ఎండాకాలం అట్లాగే గడిచింది. వానలు మొదలైన రోజుల్లో అత్తగారు బాయి గచ్చు మీద జారి పడింది. నేను బడిలో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి పొరుగువాళ్లు ఆమెను మంచం మీద పడుకోబెట్టి డాక్టరమ్మకు కబురు పంపారు. కాలి ఎముక విరిగింది. దవాఖానకు తీసుకుపోయి పట్టీ కట్టించాం. అక్కడే ఉండమని డాక్టరమ్మ ఎంత చెప్పినా అత్తగారు వినలేదు.

"సచ్చినా బతికినా నా ఇంట్లనే. ఈడ ఈ వాసనకే నా పానం పోతది," అన్నది.

ఇంటికి తెచ్చి, గాలి బాగా వస్తుందని ముందు గదిలో మంచం వేశాం. పేము సోఫాను గోడకు నెట్టేశాం. అసలు కష్టం మరునాడు పొద్దున మొదలైంది. మా పాయఖాన పెరటి చివర, మూడు మెట్లెక్కి పోవాలి. వాన పడి మెట్లు పాచి పట్టాయి. మా ఆయన తల్లిని ఎత్తుకుని పోయాడు. ఆమె బరువైన మనిషి. సగం దారిలో ఇద్దరూ పడబోయారు. తిరిగి వచ్చాక ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే తినలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఎందుకత్తమ్మా తింటలేవు?" అని అడిగాను.

"తింటే పోవద్దా మళ్ల? కొడుకు ఎత్తుకొని పోవుడేందే నన్ను? నాకు సిగ్గు గాదా?" అన్నది గోడ వైపు నుంచే.

నేను లేచి సామాన్ల గదిలోకి పోయి గోనెసంచులు తీశాను. బల్లను తుడిచి, తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టి, మూత ఎత్తాను. ఆ బేసిను అందులోనే ఉంది. పండుగ తర్వాత దాన్ని వంటింట్లోకి తేవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

అత్తగారు ఇటు తిరిగి చూసింది. "సకినాల పెట్టె మీదనా? తిండి పెట్టిన దాంట్ల... పాపం తగలదా?"

"సకినాలు పెట్టుడే పాపం అత్తమ్మా. దాని పని ఇదేనాయె."

"మరి తర్వాత అది ఎవలు తీస్తరు?"

"నేనే తీస్త."

"టీచరమ్మవు నువ్వు."

"టీచరమ్మనే కొన్నది గద దాన్ని," అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లలో నీళ్లు పెట్టుకుంది. నేను తలుపు వేసి, ఆమె రెండు చంకల కింద చేతులు పెట్టి లేపి కూర్చోబెట్టాను. ఆమె ఇత్తడి పిడులు పట్టుకుని సర్దుకుంది. ఆ పిడులు అక్కడెందుకున్నాయో నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు ఆమెను నేను అంత దగ్గరగా పట్టుకున్నది లేదు. ఆమె జుట్టు ఆముదం వాసన వచ్చింది. నా భుజం మీద తల ఆనించి, "అబ్బ, మంచిగున్నదే. నీ దొర ఎవడోగని తెలివిగలోడు," అన్నది.

ఆ పూట అన్నం తిన్నది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

మా ఆయన తన టీపాయిని కూడా దించాడు. ఎక్కడినుంచో ఒక తుమ్మకర్ర తెచ్చి దానికి నాలుగో కాలు కొట్టాడు. నల్లటి నున్నటి కాళ్ల మధ్యలో అది మొరటుగా, గోధుమరంగులో ఉంది. మోడరన్ పోయింది కానీ బల్ల నిలబడింది. దాన్ని మంచానికి రెండో పక్కన పెట్టి అత్తగారి మందుసీసాలు, కళ్లద్దాలు, వక్కాకు సంచీ దాని మీద సర్దాడు. అట్లా మా ముందు గదిలో అటొక బల్ల, ఇటొక బల్ల కుదిరాయి.

ఆమెను చూడ్డానికి నెక్కొండ నుంచి, తొర్రూరు నుంచి చుట్టాలు వచ్చారు. సంఘంవాళ్లూ, వాడకట్టువాళ్లూ వచ్చారు. నేను పిలిచినప్పుడు కూడా మా ముందు గది అంతగా నిండలేదు. అందరూ జంపఖానా మీద కూర్చుని టీ గ్లాసులు నేల మీద పెట్టుకున్నారు. అత్తగారు మంచం మీద దిండుకు ఆనుకుని వచ్చిన ప్రతివాళ్లకూ నా బల్ల కథ మొదటినుంచి చెప్పేది. డాక్టరమ్మలా గొంతు పెట్టి, "దేవునికి స్తోత్రము" దగ్గరికి వచ్చేసరికి చేతులు కూడా జోడించేది. నేను వంటింట్లో టీ కాస్తూ వినేదాన్ని. మొదట్లో పళ్లు కొరుక్కున్నాను. తర్వాత తర్వాత ఆమె ఎక్కడన్నా ఒక ముక్క మరిచిపోతే నేనే లోపలినుంచి అందించాను.

బతుకమ్మ పాటలు వినబడే రోజులకు ఆమె కర్ర పట్టుకుని నడిచింది. పట్టీ విప్పడానికి వచ్చిన డాక్టరమ్మ ఆ బల్లను చూసి, దవాఖానలో ఆడవాళ్ల వార్డుకు దాన్ని ఇవ్వగలవా అని నన్ను అడిగింది. యుద్ధం మూలాన అటువంటివి ఎక్కడా దొరకడం లేదట. నేను సంతోషంగా సరేనన్నాను. అత్తగారికి మాత్రం ఇష్టం లేదు.

"గింత మంచి సామాను. ద్రాక్ష తీగెలున్నయి," అన్నది.

"ద్రాక్ష తీగెలు ఎవలు జూస్తరత్తమ్మా, కూసున్నంక?"

బండి వచ్చి దాన్ని ఎక్కించుకుంటుంటే ఆమె గుమ్మంలో కర్ర మీద నిలబడి బండివాడికి జాగ్రత్తలు చెప్పింది. బండి మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు గిర్మాజీపేట వడ్రంగి దగ్గరే రెండు టేకు బల్లలు చేయించుకున్నాం. నాలుగేసి కాళ్లు, చదరపు పలక. పాతవీ కావు, మోడరనూ కావు. సోఫాకు చెరో పక్కా పెట్టాం. బల్లలు ఇంటికి వచ్చిన రోజున నేను కొత్త చీర కట్టుకుని వచ్చినవాళ్లందరికీ టీ ఇచ్చాను. అందరూ కప్పులు వాటి మీద పెట్టారు, తాగారు, మాట్లాడుకుని వెళ్లిపోయారు. ఆ బల్లల గురించి ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు.